మోత తగ్గితే పవర్ పోదు: కారు సైలెన్సర్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది ఒకటే. బండికి సైలెన్సర్ మార్పించుకున్నాం, ఇప్పుడు ఆ సౌండు భరించలేకపోతా ఉన్నాం, ఎట్ల తగ్గించుకోవాలి అని. అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. మొదటి జవాబు రవంత పొడుగైంది, కానీ మిగతా వాళ్లూ అది చదివితే సగం డౌట్లు అక్కడే తీరిపోతాయి.

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు పక్క. పోయిన సంవత్సరం సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ కారు తీసుకున్నా, 2 లీటర్ల టర్బో పెట్రోల్, కంపెనీ ఇచ్చిందే 230 గుర్రాలు. ముందు ఓనరు 3 ఇంచుల డౌన్‌పైప్ (టర్బో నుంచి కిందికి వచ్చే పైపు) వేయించి క్యాట్ (పొగలో విషం తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్) తీసేసినాడు, మధ్యలో రెజొనేటర్ (మోత మింగే డబ్బా) ఉండాల్సిన చోట ఒట్టి పైపు పెట్టించినాడు, వెనకాల స్ట్రెయిట్ త్రూ మఫ్లర్ (లోపల అడ్డగోడలు లేని సైలెన్సర్), స్టేజ్ 2 మ్యాప్ (పవర్ పెంచే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్) కూడా ఉంది. కొత్తలో నిండా బాగుండింది. ఇప్పుడు చెన్నైకి పోతా ఉంటే పుత్తూరు దాటేలోపే తలనొప్పి వస్తా ఉంది, 2400 ఆర్‌పీఎం దగ్గర లోపలంతా గుయ్యిమని ఒకటే మోత, మా అమ్మ అయితే ఈ కారు ఎక్కనే ఎక్కనంటా ఉంది. ఒక షాపులో అడిగితే సౌండ్ తగ్గిస్తే పవర్ పోతుంది అన్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: తమ్ముడూ, ఆ షాపు వాళ్లు చెప్పింది సగమే నిజం. పైపు సన్నం చేసినా, మూతి దగ్గర ఏదైనా అడ్డం పెట్టినా పవర్ పోతుంది, అది కరెక్టే. కానీ గ్యాస్ పోవడం వేరు, శబ్దం పోవడం వేరు. పొగ పైపులో సాఫీగా పోతా ఉండంగానే దాంట్లో అలలాగా వచ్చే శబ్దాన్ని పక్కనుంచి పట్టుకోవచ్చు, మంచి రెజొనేటర్ చేసేది అదే పని. లోపల చూస్తే చిల్లులున్న నేరు గొట్టం, చుట్టూ దూది లాంటి పీచు, గ్యాస్‌కి ఎక్కడా అడ్డమే ఉండదు. కాబట్టి పవర్ పోతుందేమో అన్న భయం ముందు వదిలెయ్.

నీ బండిలో రెండు రకాల మోత కలిసిపోయి ఉంది, రెండింటికీ మందు వేరు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రేకు చించినట్టు గరగరమని వచ్చేది ఒకటి, అది ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం, క్యాట్ పీకేసినందువల్ల వచ్చింది. హైవేలో ఒకే స్పీడు పట్టుకున్నప్పుడు గుయ్యిమని తల పట్టేసేది ఇంకోటి, దాన్నే డ్రోన్ అంటారు. చాలామంది ఈ రెండోదానికి మందు వెతుకుతా మొదటిదానికి డబ్బులు పోస్తారు, ఒకదాని తర్వాత ఒకటి మఫ్లర్లు మారుస్తా పోతారు, డ్రోన్ మాత్రం అట్లే ఉంటుంది.

డ్రోన్ ఎందుకొస్తుందో ఒక చిన్న లెక్కతో చెప్తా. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్క చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. 2400 ఆర్‌పీఎం అంటే సెకనుకి 40 చుట్లు, అంటే సెకనుకి 80 పేలుళ్లు, 80 హెర్ట్జ్. ఇంత కింది శబ్దానికి గాల్లో ఒక అల పొడుగు 4.3 మీటర్ల దాకా ఉంటుంది, అందులో సగం 2.1 మీటర్ల పైన. నీ కారు డ్యాష్‌బోర్డు నుంచి వెనక అద్దం దాకా కొలిస్తే ఇంచుమించు అంతే వస్తుంది. అందుకే లోపలున్న గాలి కూడా దాంతో కలిసి ఊగుతుంది, బయట నిలబడినోడికి మామూలుగా వినపడే శబ్దమే లోపల కూర్చున్న అమ్మకి నరకం అయిపోతుంది. పీచు కూరిన మఫ్లర్ ఎక్కువ ఫ్రీక్వెన్సీని బాగా మింగుతుంది గానీ 80 హెర్ట్జ్‌ని పెద్దగా ఏం చెయ్యలేదు. నీకున్న స్ట్రెయిట్ త్రూ మఫ్లర్ బాగానే ఉన్నా ఈ బాధ తప్పకపోవడానికి కారణం అదే.

ఇంక ఏం చెయ్యాలంటే, మొట్టమొదట పైసా ఖర్చు లేని పని, లీకులు చూడు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మందమైన తడిగుడ్డతో ఎవరినైనా వెనక పైపు మూతి కొన్ని సెకన్లు అదిమి పట్టమను, నువ్వు పక్కనుంచి కింద చెవి పెట్టి విను, జాయింటు లీకైతే ఉస్స్ మని వినపడుతుంది. ఈ పని ఇంటి బయట చెయ్యి, షెడ్డు లోపల వద్దు. ఫ్లాంజ్‌ల (పైపులు బోల్టులతో కలిసే చోట్లు) దగ్గర, క్లాంపుల దగ్గర నల్లగా మసి పట్టిన మరక ఉంటే అక్కడ గ్యాస్ తన్నుతా ఉన్నట్టే లెక్క. డౌన్‌పైప్ దగ్గర లీకుంటే శబ్దం ఒక్కటే కాదు నష్టం, పేలుడుకి పేలుడుకి మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, పొగలో ఆక్సిజన్ కొలిచే ఓ2 సెన్సర్‌కి పెట్రోల్ తక్కువ అయినట్టు కనపడుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంకాస్త పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. జాయింటు మధ్య ఉండే గాస్కెట్ మారిస్తే పోయే దానికి చాలామంది వేలు పెట్టి కొత్త మఫ్లర్ కొంటున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రబ్బరు హ్యాంగర్లు కూడా చూడు. గట్టి పాలీయురిథేన్‌వి వేసుంటే పైపు అదురు మొత్తం ఫ్లోర్‌లోకి ఎక్కుతుంది, మామూలు మెత్తటి రబ్బరువి వేయించు. పైపు ఎక్కడైనా బాడీకి తగులుతుందా, హీట్ షీల్డ్ రేకు వదులై కొట్టుకుంటుందా చూడు. వెనక మూతి బంపర్ లోపలే ఆగిపోతే కొద్దిగా బయటికి జరిపించు, లేకపోతే మోతతో పాటు పొగ కూడా డిక్కీ సందుల్లోంచి లోపలికి వస్తుంది, క్యాట్ లేని బండిలో అది ఇంకా ప్రమాదం.

తర్వాత క్యాట్ వెనక్కి పెట్టించు. ఇది మోత కోసం మాత్రమే చెప్పట్లేదు, క్యాట్ లేకుండా తిరగడం తప్పు, చట్టం ప్రకారమూ తప్పే, నీ వెనక బైకు మీద వచ్చేవాడు ఆ గ్యాసంతా పీల్చాలి. స్టాక్ క్యాట్‌తో ఉండే డౌన్‌పైప్ దొరికితే అదే పెట్టు, ఆ గరగర సగానికి సగం అక్కడే పోతుంది. అది పెట్టినాక మ్యాప్ కూడా దానికి తగ్గట్టు మార్పించాలి, మర్చిపోవద్దు.

దాంతో పాటు మధ్యలో రెజొనేటర్. ఆ ఒట్టి పైపు కోసి, కింద పట్టినంత పొడుగైన రెజొనేటర్ పెట్టించు. పొట్టిగా బొద్దుగా ఉండేదానికంటే పొడుగుది బాగా పనిచేస్తుంది. ఇంకో మాట, వెనక దాకా 3 ఇంచుల పైపు నీ బండికి అవసరమే లేదు, వెనక భాగం రెండున్నర ఇంచుల్లో చేయించినా నీ పవర్ పెద్దగా పోదు, మోత మాత్రం తగ్గుతుంది. వెల్డింగ్ చేసే ఆయన లోపలి బిలం కరెక్టుగా కలిపినాడా లేదా దగ్గరుండి చూసుకో, జాయింటు దగ్గర మెట్టు మిగిలితే అక్కడ గ్యాస్ సుడి తిరిగి ఈల వేస్తుంది.

ఇవన్నీ అయినాక కూడా 2400 దగ్గర గుయ్యిమంటా ఉంటే అప్పుడు క్వార్టర్ వేవ్ పైపు. నాకు చాలా ఇష్టమైన పరిష్కారం ఇది, ఎందుకంటే దీంట్లో మెయిన్ పైపు జోలికే పోం. మెయిన్ పైపుకి పక్కన ఒక కొమ్మ లాగా, కొసన మూసేసిన గొట్టం వెల్డ్ చేస్తారు. శబ్దం అల దాంట్లోకి పోయి, మూసిన కొసకి తగిలి వెనక్కి వస్తుంది, పోను రాను కలిపి సరిగ్గా సగం అల దూరం నడిచి ఉంటుంది కాబట్టి మెయిన్ పైపులో వచ్చే అలకి ఎదురు తిరిగి దాన్ని చంపేస్తుంది. అందుకే గొట్టం పొడుగు అల పొడుగులో నాలుగో వంతు ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే. మామూలు గాల్లో శబ్దం స్పీడు సెకనుకి 343 మీటర్లు అనుకుని, దాన్ని 320తో (80 హెర్ట్జ్‌కి నాలుగింతలు) భాగించి, 1.07 మీటర్లు కోయించేస్తారు. కానీ వేడి గ్యాస్‌లో శబ్దం వేగంగా పోతుంది. సుమారు 200 డిగ్రీల దగ్గర అది 436 మీటర్లు, అప్పుడు కావాల్సిన పొడుగు 1.36 మీటర్లు. ఒక అడుగు తేడా! అడుగు తక్కువ కోస్తే గొట్టం వేరే ఆర్‌పీఎంలో పనిచేస్తుంది, నీ డ్రోన్ అట్లే కూర్చుంటుంది. కాబట్టి మెయిన్ పైపంత లావు గొట్టమే తీసుకుని, లెక్కకంటే ఒక జానెడు పొడుగ్గా చేయించి, కొస మూత క్లాంపుతో జరిగేట్టు పెట్టించి, రోడ్డు మీద తిప్పి చూసి, బాగా తగ్గిన చోట వెల్డ్ చేయించు. స్థలం లేకపోతే వంచినా ఫర్వాలేదు.

కొలవడానికి ఫోన్ యాప్ చాలు, కానీ అది చూపించే నంబరుని నమ్మొద్దు, ముందుకీ తర్వాతకీ తేడా మాత్రం చూడు. అదే ఫోన్, అదే చోటు, అదే ఆర్‌పీఎం. బయట అయితే పైపు మూతికి అర మీటరు దూరం, 45 డిగ్రీల పక్కగా, పైపు ఎత్తులోనే. లోపల డ్రోన్ కొలిచేటప్పుడు యాప్‌లో ‘A’ వెయిటింగ్ కాకుండా ‘C’ వెయిటింగ్ (శబ్దాన్ని లెక్కేసే పద్ధతులు ఇవి) పెట్టు. ‘A’ వెయిటింగ్ 80 హెర్ట్జ్ శబ్దాన్ని 22 డెసిబెల్స్ దాకా తగ్గించి చూపిస్తుంది, చెవులు పగిలిపోతా ఉన్నా నంబరు ప్రశాంతంగా కనపడుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది, అది గుర్తుపెట్టుకుంటే నువ్వు పెట్టిన డబ్బుకి ఫలితం వచ్చిందా లేదా నీకే తెలిసిపోతుంది.

చివరగా ఒకటి దాచకుండా చెప్పాలి. చట్టం ప్రకారం పూర్తిగా సేఫ్ అంటే కంపెనీ సైలెన్సర్, కంపెనీ క్యాట్ వెనక్కి పెట్టడమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 సవరణ తర్వాత 182ఏ ప్రకారం ఓనరు చేసిన ఒక్కో మార్పుకి 5000 రూపాయల ఫైన్ గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ముందు ఓనరు పాత భాగాలు షెడ్డులో ఎక్కడైనా పడేసి ఉంటాడు, ఫోన్ చేసి అడుగు. దొరికితే పైన రాసిన లెక్కలేమీ నీకు అక్కర్లేదు, ఒక్క పూటలో పని అయిపోతుంది, అమ్మ కూడా కారెక్కుతుంది.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. నా ఐ20 ఎన్ లైన్‌కి వెనక మఫ్లర్ ఒక్కటే మార్చినా. సౌండ్ ఎక్కువైందని ఫ్రెండ్ పైపు లోపల గిన్నెలు తోమే స్టీల్ పీచు కూరమంటున్నాడు. చెయ్యొచ్చా?

జవాబు: వద్దు. ఆ పీచు వేడికి కాలి, ముక్కలు ముక్కలై రోడ్డు మీద నిప్పురవ్వల్లా పడుతుంది, లోపల ఉన్నంతసేపు గ్యాస్‌కి అడ్డం పడుతుంది. టర్బో బండికి వెనక అడ్డం పెడితే ఆ వేడి అంతా టర్బో మీదే పడుతుంది. మోత తగ్గడానికి మూతికి బిగించే డీబీ కిల్లర్ బిళ్ల కూడా అంతే, నాలుగు రోజులు ఓర్చుకోవడానికి తప్ప పనికిరాదు.

నీ ఇంజిన్ మూడు సిలిండర్లది, అది ఇంకా కింది శబ్దం చేస్తుంది. ఆర్‌పీఎంని 40తో భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది, నాలుగు సిలిండర్లయితే 30తో. 2400 దగ్గర నీది 60 హెర్ట్జే. అంత కింది శబ్దాన్ని పీచు పట్టుకోలేదు, కంపెనీ మఫ్లర్ లోపలుండే గదులు, అడ్డగోడలే పట్టుకోవాలి. వాటిని కంపెనీ వాళ్లు ఆ ఇంజిన్ కోసమే లెక్కేసి కట్టి ఉంటారు. మార్చింది ఒక్కటే కదా, పాతది తెచ్చి బిగించెయ్. నట్లు తుప్పు పట్టి ఉంటే ముందురోజే డబ్ల్యూడీ40 కొట్టి పెట్టు.

ప్రశ్న: అన్నా, రీమ్యాప్‌లో (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్పించి) పాప్స్ అండ్ బ్యాంగ్స్ పెట్టించుకున్నా. కాలు తీస్తే తుపాకీ పేలినట్టు వస్తుంది. ఇప్పుడు మా వీధిలో చిన్నపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తున్నారు. మఫ్లర్ పెద్దది వేస్తే పోతుందా? (చిత్తూరు, కట్టమంచి)

జవాబు: పోదు నాయనా, కాస్త మెత్తబడుతుందంతే. ఆ పేలుడు ఇంజిన్‌లో కాదు, పైపులో జరుగుతా ఉంది. కాలు తీసినప్పుడు మామూలుగా ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది, నీ మ్యాప్ ఆపకుండా పోస్తా, స్పార్క్ ఆలస్యం చేస్తా ఉంది, అందుకని మంట బయటికి వచ్చి పైపులో అంటుకుంటుంది. దానివల్ల క్యాట్ లోపలి జల్లెడ కరిగి మూసుకుపోవచ్చు, టర్బోకీ ఎగ్జాస్ట్ వాల్వులకీ వేడి ఎక్కువ. దీనికి రిపేరు లాప్‌టాప్‌లోనే ఉంది. మ్యాప్ చేసినాయన దగ్గరికి పోయి ఆ ఒక్క సెట్టింగ్ తీసేయమను, మిగతా పవర్ అంతా అట్లే ఉంటుంది. పిల్లలు ఏడుస్తున్నారని నువ్వే రాశావు, అది చదివి సంతోషమేసింది, కాబట్టి వాయిదా వెయ్యకుండా ఈ వారమే చేయించు.

ప్రశ్న: అయ్యా, నాకు కారు లేదు. తిరుపతిలో అలిపిరి రోడ్డు దగ్గర ఉంటాము, మా ఆయన గుండె పేషెంటు. రాత్రి పదకొండు దాటినాక కార్లు, బైకులు పెద్ద మోతతో పైకీ కిందికీ తిరుగుతాయి. దీనికి చట్టం ఏమీ లేదా?

జవాబు: ఉందమ్మా, గట్టిగానే ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ రూల్ ప్రకారం ప్రతి బండికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల దాకా ఫైన్ గానీ, లేదా రెండూ, మూడు నెలలు లైసెన్స్ కూడా పోతుంది. పైగా 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాల్లో ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు, అక్కడ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పరిమితి 40 డెసిబెల్స్ మాత్రమే. మామూలు ఇళ్ల ప్రాంతంలో అదే సమయానికి 45. మీ రోడ్డులో స్విమ్స్, రుయా, బర్డ్ ఆస్పత్రులు వరసగా ఉన్నాయి కదా, ఫిర్యాదులో ఆ మాట తప్పకుండా రాయండి.

బండి పోతా ఉన్నప్పుడే 112కి ఫోన్ చెయ్యండి. తర్వాత ట్రాఫిక్ పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఏ టైముకి వస్తాయి, ఎటునుంచి ఎటు పోతాయి, కనపడితే బండి నంబరు. మీరు ఒక్కరే కాకుండా వీధిలో నలుగురు సంతకం పెడితే బరువు పెరుగుతుంది. ఎదురెళ్లి బండి ఆపే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దమ్మా. ఈ పేజీ చదివే బండ్ల వాళ్లకి కూడా చెప్తున్నా, ఆ రోడ్డులో ఆస్పత్రి కిటికీల వెనక ఆపరేషన్ అయి పడుకున్నవాళ్లు ఉంటారు, అక్కడ రేసింగ్ చేసే హక్కు ఎవరికీ లేదు.

ప్రశ్న: పొద్దున ఐదింటికి డ్యూటీకి బయల్దేరతా. స్టార్ట్ చెయ్యగానే కారు పెద్దగా అరుస్తుంది, ఒక నిమిషం తర్వాత తగ్గుతుంది. సైలెన్సర్ పోయిందా? (చంద్రగిరి)

జవాబు: పోలేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ కావాలనే ఐడిల్ (నిలబడి ఉన్నప్పటి ఇంజిన్ స్పీడు) పెంచి, స్పార్క్ వెనక్కి జరిపి, వేడి పొగని పైపులోకి పంపుతుంది, క్యాట్ త్వరగా వేడెక్కితే గానీ పనిచెయ్యదు కాబట్టి. అందుకే ఆ నిమిషం మోత. అక్కడే నిలబెట్టి రేజ్ చెయ్యొద్దు, బెల్టు పెట్టుకుని మెల్లగా కదిలిపో, రోడ్డెక్కేదాకా 2000 దాటించకు. రాత్రే కారు వెనక భాగం పక్కింటి గోడ వైపు కాకుండా రోడ్డు వైపు ఉండేట్టు పెట్టుకో, గోడకి కొట్టుకుని వచ్చే మోత తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు టిక్కు టిక్కుమని వచ్చి వేడెక్కాక ఆగిపోతా ఉంటే మాత్రం ఇంజిన్‌కి ఆనుకుని ఉండే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గాస్కెట్ చూపించు.

ప్రశ్న: నా స్ట్రెయిట్ త్రూ మఫ్లర్ కొత్తలో మెత్తగా ఉండేది, రెండేళ్లకి చాలా గట్టిగా అయిపోయింది. కొత్తది కొనాలా? (రేణిగుంట)

జవాబు: కొనక్కర్లేదు, లోపల పీచు ఎగిరిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు మఫ్లర్ మీద వేలి కణుపుతో తట్టి చూడండి, డబ్బా లాగా ఖంగుమంటే ఖాళీ అయిందని అర్థం. రివెట్లతో బిగించిన మఫ్లర్ అయితే విప్పి మళ్లీ కూరొచ్చు, మొత్తం వెల్డ్ చేసిందైతే కోసి మళ్లీ అతికించాల్సి వస్తుంది. చిల్లుల గొట్టానికి ఆనుకుని ముందు ఒక పొర స్టీల్ ఊల్ చుట్టించండి, దాని పైన ఎగ్జాస్ట్ కోసమే అమ్మే బసాల్ట్ పీచు గానీ సిరామిక్ పీచు గానీ. ఆ స్టీల్ పొర మంట నేరుగా పీచుకి తగలకుండా కాపాడుతుంది. ఇళ్ల పైకప్పుకి వేసే గ్లాస్ ఊల్ పెట్టించొద్దు, ఆ వేడికి తట్టుకోదు. మరీ గట్టిగా కుక్కినా శబ్దం మింగదు, వదులుగా పెడితే నాలుగు నెలల్లో మళ్లీ ఎగిరిపోతుంది, కాబట్టి ఖాళీ మిగలకుండా సమంగా నింపాలి. విప్పేటప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకోమని మెకానిక్‌కి కూడా చెప్పండి, ఆ పాత పీచు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. పని అయినాక ఓ వంద కిలోమీటర్లు తిప్పి, రివెట్ల దగ్గర మసి కారుతుందేమో ఒకసారి చూసుకోండి.